సబ్హాన్ బ్యాచిలర్లూ, డాలస్ ఇల్లూ

కువైట్‌లో నలుగురు పిల్లల తండ్రిని కూడా బ్యాచిలర్ అనే అంటారు. పెళ్ళయిందా లేదా అన్నది కాదు లెక్క, పెళ్ళాం ఈ దేశంలో పక్కన ఉందా లేదా అన్నదే. బ్యాచిలర్లకి ఇల్లు అద్దెకివ్వకూడని పేటలున్నాయి. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంతకు తగ్గకూడదని ఒక గీత ఉంది. 2016లో ఆ గీత 250 దీనార్ల నుంచి 450కి పెరిగింది. 2019లో 500 అయింది. 2024 జనవరిలో 800. నేను పనిచేసే సబ్హాన్‌లో గోడౌన్ కుర్రాడి జీతం వంద, నూట ఇరవై దగ్గర ఆడుతూ ఉంటుంది. అందుకని ఇక్కడి ఒంటరితనం గురించి ఎవరైనా మనసూ, స్వభావమూ అంటూ మొదలుపెడితే నాకు కాస్త చిరాకు. ముందు ఆ అంకె చెప్పండి, తర్వాత మనసు సంగతి చూద్దాం.

సబ్హాన్ అంటే విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న పారిశ్రామిక వాడ. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, వర్క్‌షాపులు. కువైట్ ఫొటోల్లో మీరు చూసే సముద్రం, మాల్స్, అద్దాల మేడలు ఇక్కడ లేవు. మా గదిలో ఆరుగురం, మూడు రెండంతస్తుల మంచాలు. ఎవడి మంచానికి వాడు దుప్పటి వేలాడగట్టి తెర చేసుకుంటాడు. రాత్రి పది దాటాక ఆ తెరల వెనకాల ఆరు ఫోన్లు వెలుగుతుంటాయి.

అందులో ఒక ఫోన్ రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక అన్నది. ఆయన డాలస్‌లో ఉండే ఒక తెలుగు జంట వీడియోలు చూస్తాడు. వాళ్ళ వంటింటి గట్టు రాయి ఏ రంగో, పాప బడి ఎన్నింటికి వదులుతారో, అత్తగారు ఇండియా నుంచి ఏ నెలలో వచ్చారో అన్నీ ఆయనకి తెలుసు. ఒకసారి పది రోజులు వీడియో రాలేదు. "ఏమన్నా అయిండాదేమో తమ్ముడూ" అని నన్ను మూడుసార్లు అడిగాడు. ఆ పది రోజుల్లో ఇంటికి ఎన్నిసార్లు చేశావన్నా అని నేనడిగితే, ఆయన చెప్పిన మాట ఇది: "ఇంటికి చేస్తే ఏదో ఒకటి అడగతారు. వీళ్ళయితే ఏమీ అడగరు."

ఈ జబ్బుకి సెల్‌ఫోనే కారణమని తేల్చేయడం తేలిక. కానీ గల్ఫ్‌లో ఇది ఫోన్ కంటే పాతది. అప్పుడు వేషం వేసింది మనం, చూసింది ఊరు.

1961 దాకా కువైట్‌లో చెల్లింది రూపాయే. ఆ ఏడాదే స్వాతంత్ర్యం వచ్చింది, దీనారూ వచ్చింది. చమురు డబ్బు ఊపందుకున్నాక కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు కదిలారు. కువైట్ టవర్స్ 1979లో జనానికి తెరిచారు. తర్వాత ఊళ్ళకి వచ్చిన ఫొటోలు ఎన్నింటిలో వెనకాల ఆ నీలం గోళాలుంటాయో! మా అమ్మమ్మగారి ఊళ్ళో, పాలకొల్లు దగ్గర, ఒక ఇంటి వసారాలో అలాంటి ఫొటో ఇప్పటికీ ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎవరిదో పొడుగాటి కారు, దాని బానెట్ మీద చెయ్యి. ఆ చెయ్యి వేసినంతసేపే కారుతో ఆయన బంధం. ఇంట్లోవాళ్ళకి మాత్రం అది కొడుకు కారే. ఉత్తరం నెలకొకటి, మాటలు నింపిన క్యాసెట్ ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికి. క్యాసెట్‌లో ఏడిస్తే మళ్ళీ చెరిపి మొదటినుంచి మాట్లాడేవారట. ఆ ఫొటో చూసే పక్కింటి కుర్రాడు పాస్‌పోర్టుకి పెట్టుకునేవాడు. ఏజెంటు చేసే ప్రచారం కంటే వసారాలో ఫ్రేమ్ కట్టిన ఫొటో ఎక్కువ మందిని విమానం ఎక్కించిందని నా నమ్మకం.

ఆ బొమ్మ ఒకసారి చెదిరింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగాక, మనవాళ్ళు ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో వచ్చారు. లక్షకు పైగా జనం. చాలామంది చేతిలో ఒక సంచీ మాత్రమే. మరుసటి ఫిబ్రవరిలో కువైట్ విడుదలయింది. మళ్ళీ ప్రయాణాలు, మళ్ళీ ఫొటోలు.

ఐతే ఆ పాత ఫొటోకి ఒక చిరునామా ఉండేది. ఒక ఇంటికి వచ్చేది, దాని వెనకే డ్రాఫ్టు వచ్చేది. అబద్ధమైనా అది తన వాళ్ళతో ఆడిన అబద్ధం. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి ఊళ్ళో కూడా డేటా చవకయ్యాక రెండు వైపులా తెర ఒకటే అయింది. వీడియో కాల్‌లో గది కనిపిస్తుంది, పైమంచం కనిపిస్తుంది. ఇక కారు మీద చెయ్యి వేసి లాభం లేదు. వేషం వేసుకునే వీలు పోయిన మనిషి ప్రేక్షకుడయ్యాడు, అదీ ఊరూ పేరూ సంబంధం లేనివాళ్ళ ఇంటికి. అన్న అన్న మాటని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. ఇంట్లో వాళ్ళకి ఆయన బతుకంతా తెలుసు. డాలస్ వాళ్ళకి ఆయన ఉన్నాడనే తెలియదు. అందులో ఒక విశ్రాంతి ఉంది.

ఇది చదువు లేనివాళ్ళ పిచ్చి అనుకునేవాళ్ళకి ఒక సంగతి. అమెరికాలో 1940ల చివర 'లోన్‌సమ్ గాళ్' అని ఒక రేడియో కార్యక్రమం మొదలైంది. ఒక ఆడగొంతు, పేరు చెప్పదు. రాత్రిపూట ఒంటరి మగవాళ్ళతో, అచ్చం నీతోనే అన్నట్టు మాట్లాడుతుంది. 1951 నాటికి 90 నగరాల్లో వినిపించేది. పెళ్ళి చేసుకుంటామని వేల ఉత్తరాలొచ్చాయి. ఆవిడ పేరు జీన్ కింగ్. బయటికొచ్చినప్పుడు ముసుగు పెట్టుకునేది. 1956లో హోర్టన్, వోల్ అనే ఇద్దరు పండితులు రేడియో, టీవీ మనుషులతో జనానికి ఏర్పడే ఈ ఒకవైపు చుట్టరికం మీద వ్యాసం రాస్తూ ఆవిడని ఉదాహరణగా తీసుకున్నారు. రేడియోతో నడిచిన పనే ఇది. ఫోన్ చేసిందల్లా, వారానికి కొన్ని గంటలున్నదాన్ని రాత్రంతా చెయ్యడం.

కరోనా ఏడాది దీన్ని ముదరబెట్టింది. 2020 ఏప్రిల్ 6 నుంచి జలీబ్, మహబూలా పేటలు మూసేశారు, అవి మళ్ళీ తెరుచుకునేసరికి జూలై. అవి రెండూ బ్యాచిలర్ల పేటలే. ఆ మధ్యలో జూన్ 29న ఇండియాలో టిక్‌టాక్ నిషేధించారు. ఇక్కడ యాప్ పనిచేస్తూనే ఉంది, కొత్త వీడియోల్లో మాత్రం మన ఊళ్ళ వాళ్ళు లేరు. ఎవరి పాటో, ఎవరి చేనో చూసుకుని నిద్రపోయేవాళ్ళకి ఒక్క రాత్రిలో జాతర ఖాళీ అయినట్టయింది.

మగవాళ్ళ సంగతే చెప్పాను. కడప జిల్లా నుంచి ఇళ్ళలో పనికొచ్చిన ఆడవాళ్ళది వేరే కథ. వాళ్ళకి ఆ అందమైన ఇల్లు తెరమీద కాదు, తుడవాల్సిన గచ్చులో కనిపిస్తుంది. 2018లో కువైట్‌లో సొందోస్ అల్ ఖత్తాన్ అనే మేకప్ కళాకారిణి, ఇన్‌స్టాగ్రామ్‌లో 20 లక్షలకు పైగా అనుచరులున్నావిడ, ఫిలిప్పీన్స్ పనివాళ్ళకి వారానికొక సెలవేమిటి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచడమేమిటి అని వీడియో పెట్టింది. వారానికొక సెలవు 2015 నాటి చట్టంలోనే ఉంది! ప్రపంచమంతా మండిపడింది, కొన్ని సౌందర్య సాధనాల కంపెనీలు ఆవిడతో తెగతెంపులు చేసుకున్నాయి. నాకు మాత్రం అదంతా మేలే అనిపించింది. లక్షలమంది ఆశగా చూసే ఇంట్లో తలుపు ఒకటి పొరపాటున తెరుచుకుని, వెనకాల నిలబడ్డ మనిషి కనిపించింది. మరుసటి ఏడాది చివర్లో, అదే ఇన్‌స్టాగ్రామ్‌లో పనిమనుషుల్ని ఫొటోలు పెట్టి అమ్ముతున్నారని బీబీసీ అరబిక్ బయటపెట్టింది.

2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులున్న భవనం అంటుకుంది. పోయింది 50 మంది. అందులో ఎక్కువమంది మనదేశం వాళ్ళు, ముగ్గురు ఆంధ్రా వాళ్ళు. మేము ఎలాంటి గదుల్లో ఉంటామో మా ఊళ్ళలో చాలామంది ఆ వార్తల్లోనే మొదటిసారి సరిగ్గా చూశారు. మర్నెల, అన్నమయ్య జిల్లా మనిషి ఒకాయన ఎడారిలో పశువులు కాస్తూ, ఏడుస్తూ, తనని తీసుకెళ్ళమని వీడియో పెట్టాడు. అది లక్షలమందికి చేరింది, మంత్రి లోకేశ్ కల్పించుకున్నాడు, ఆయన ఇంటికి చేరాడు. ఆ వీడియోని మా గదిలో ఆరుగురం ఒక్క ఫోన్‌లోనే చూశాం, తెరలు పక్కకి లాగి. ఇంటికెళ్ళాక ఆయన ఎలా ఉన్నాడో, ఏం పని చేసుకుంటున్నాడో అని మాలో ఎవరూ వెతకలేదు.