తెరమీది పుట, కాగితముమీది పుట

ఒకే వ్రాత తెరమీద ఒక విధముగను, కాగితముమీద మరియొక విధముగను కనబడవలెను. తెరమీది పుట ఎంత పొడవైనను సాగును. కాగితమునకు అంచు ఉన్నది. తెరమీది మీటను నొక్కినచో పని జరుగును. కాగితముమీద అది వట్టి బొమ్మ. ఈ భేదమును కంప్యూటరునకు తెలియజెప్పు విధానము క్రమముగా రూపొందినది.

1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమున గల సెర్న్ పరిశోధనాలయములో వెబ్‌ను ప్రతిపాదించెను. దాని వ్రాతభాషయైన హెచ్.టి.ఎమ్.ఎల్. మొదట 'ఇది శీర్షిక, ఇది పేరా' అని చెప్పుటతో సరిపెట్టుకొన్నది. అందము కోరినవారు అక్షరముల రంగును, పరిమాణమును ఆ వ్రాతలోనే చొప్పింపసాగిరి. విషయమును, అలంకారమును కలగాపులగమైనవి. అలంకారమును వేరొక పత్రములో వ్రాయవలెనని 1994 అక్టోబరులో హాకోన్ వియుమ్ లీ సూచించెను. బెర్ట్ బాస్ ఆయనతో కలిసి పనిచేసెను. 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. అను స్టైల్ షీటు ప్రమాణము వెలువడినది.

ముద్రణకు మేలు చేసినది 1998 మే నెలలో వచ్చిన రెండవ ప్రమాణము. స్టైల్ షీటులో 'ముద్రణకు మాత్రమే' అను భాగమును ప్రత్యేకముగా వ్రాయుటకు అది వీలు కల్పించినది. పక్కపట్టీలను దాచుట, కాగితము చుట్టును ఖాళీ విడుచుట, శీర్షిక పుట అడుగున ఒంటరిగా మిగులకుండ చూచుట ఇందు సాధ్యము. అక్షరములను పిక్సెళ్లకు బదులు పాయింట్లలో కొలువవచ్చును. అంగుళమునకు 72 పాయింట్లు. లంకె వెనుకనున్న చిరునామాను దాని ప్రక్కనే అచ్చువేయు ఉపాయమును 2002లో ఎరిక్ మేయర్ ఒక వ్యాసమున వివరించెను. కాగితముమీద లంకెను నొక్కలేము గదా!

తెలుగునకు మరియొక చిక్కు ఉండెను. 1990లలో తెలుగు వెబ్ పుటలు పెక్కు తమ తమ సొంత ఫాంట్లకు కట్టుబడి యుండెను. ఆ ఫాంటు లేని యంత్రమున అక్షరములు అర్థములేని గుర్తులుగా కనబడెడివి. 1991లోనే యూనీకోడ్‌లో తెలుగునకు స్థానము లభించినను, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన 2001 తరువాతనే అది క్రమముగా వాడుకకు వచ్చినది. అప్పుడు వ్రాత ఫాంటునుండి విడివడి, తెరకొక రూపము, కాగితమునకొక రూపము తాల్చగలిగెను. ఐనను మన వత్తులు పంక్తి క్రిందికి దిగును. గుడులు పైకి లేచును. పంక్తుల ఎడము ఆంగ్లమునకు చాలినంతయే ఉంచినచో అవి ఒకదానినొకటి తాకును. స్టైల్ షీటు వ్రాయువారు ఇది మరువరాదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిని గూర్చిన పుట కలదు. తెరమీద దాని చుట్టును వెదకు గడి, పక్కపట్టీ, మార్పులు చేయు మీటలు ఉండును. ముద్రణకు పంపగానే అవి తొలగి, ఊరి విషయము మిగులును. తరగతికి పంచవలసిన ఉపాధ్యాయునకు దీనివలన కాగితమును, సిరాయును ఆదా అగును. వ్రాతలో ఒక్క అక్షరమును మారలేదు. మారినది ఉడుపు మాత్రమే.

ఇట్టి ఏర్పాటు లేని పుటలు నేటికిని పెక్కు కలవు. ఏ పుటనైనను అచ్చువేయుటకు ముందు, ముద్రణలో ఎట్లుండునో బ్రౌజరులోనే చూడవచ్చును. విద్యార్థులు ఒకే పుటను రెండు విధములుగ చూచి, ఏవి తొలగినవో, ఏవి మిగిలినవో వ్రాసికొన్నచో, విషయమునకును అలంకారమునకును గల భేదము సులభముగ బోధపడును.