కాలవ తవ్విన అన్నదమ్ములు

మంట దగ్గరికి జరుగు, కాలు మాత్రం కాల్చుకోకు. పొద్దున ఏదో అడిగావే, ఒకే వాక్యం విని ఒకడు బాప్తిస్మం తీసుకుంటే, పక్కనోడు తువ్వాలు దులుపుకుని ఎందుకు పోతాడని. పుర్రెకో బుద్ధి అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నాకేం తొందర లేదు, నీకూ ఉండకూడదు. ఆ ఫోను పక్కన పెట్టు.

మా చిన్నప్పుడు తెల్లగుడ్డ మీద లాంతరుతో బొమ్మలు చూపించే బోధకులు వచ్చేవాళ్ళు. అణాకి దోసెడు వేరుశనక్కాయలు కొనుక్కుని ఊరంతా చేరేది. మా మేనమామ మూడు రాత్రులూ ముందు వరసే. విత్తేవాడి కథ చెప్పారు. గింజలు కొన్ని దారిన పడ్డాయట, కొన్ని ముళ్ళపొదల్లో. ముళ్ళ దగ్గరికొచ్చేసరికి మా జేజి కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది. ‘నీకేం అర్థమైందిరా?’ అని మామనడిగితే, ‘ఆ లాంతరు రాత్రికెంత కిరసనాయిలు తాగుద్దో!’ అన్నాడు.

ఇంతకీ చెప్పొచ్చింది కాలవ సంగతి. ధాత సంవత్సరం కరువులో బకింగ్‌హాం కాలవ మూడున్నర మైళ్ళు తవ్వించే కంట్రాక్టు ఒంగోలు మిషనరీ క్లౌ దొర పట్టాడు. మా ముత్తాత, వాళ్ళన్న ఒకే గోతిలో దిగారు. ఒకరిది పార, ఒకరిది తట్ట. పొద్దు నడినెత్తికొచ్చాక బోధకులు ఆ మట్టిలోనే కూర్చుని వాక్యం చెప్పేవాళ్ళట. ఎందరు బతిమాలినా కరువు తీరేదాకా దొర బాప్తిస్మం ఇవ్వలేదు, కూటికోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మాట మాత్రం వచ్చింది. లోకం నోటికి మూకుడెవరు పెడతారు?

మరి ఎర్రగుంట్ల పేరయ్య ఏ కూటికోసం కలిశాడు? తోళ్ళ వ్యాపారి, మన మాదిగాయనే. కరువుకి పదేళ్ళ ముందే, 1866లోనే కలిశాడు. అప్పటికే ఒక యోగికి శిష్యుడై ధ్యానం పట్టిన మనిషి. తవ్వుతున్న బావిలో ఊట తగిలినట్టయింది. ఆ రోజుల్లోనే ఒంగోలు బళ్ళో అదే వాక్యం విన్న పెద్దకులాల పిల్లలు, మన పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటారనగానే లేచిపోయారు. వాక్యంతో వాళ్ళకేం పేచీ లేదు, పేచీ అంతా చాపతోనే!

మనవాళ్ళ సంగతికొస్తే, ముత్తాత నదిలో మునిగాడు. ‘బోధకుడు నా కుండలో నీళ్ళు తాగాడు’ అని చచ్చేదాకా చెప్పుకున్నాడు. అన్న గట్టుమీదే నిలబడ్డాడు. పోలేరమ్మ కొలుపుకి డప్పు అతనిది, కళ్ళంలో డప్పు గింజలూ అతనివే. మునిగితే రెండూ పోతాయి. గింజలు పోతే పోనీ అనేవాడేమో, డప్పు మాత్రం వదల్లేడు.

కొలుపు రాత్రి ముత్తాత తలుపేసుకుని ప్రార్థనకి మోకరించేవాడట. పెదాల మీద ప్రార్థనే, వేళ్ళు మాత్రం అన్న దరువుకి తొడ మీద తాళం వేస్తుండేవని జేజి చెప్పేది.

ఆ పుల్ల కాస్త ఎగదొయ్యి.