ఊరి వెలుపలి సిలువ: ఒంగోలు మాదిగ క్రైస్తవులు - శిష్యత్వపు వెల

వ్యాససంగ్రహం:
క్రీస్తు సిలువ మరణాన్ని ధ్యానించే సంప్రదాయం శిష్యత్వానికి వెల ఉంటుందని బోధిస్తుంది. తెలుగునేలపై తొలితరం విశ్వాసులు ఆ వెలను ఏ రూపంలో చెల్లించారో ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవుల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కరవుకాలపు మతాంతరీకరణను కేవలం లబ్ధిగా చూసే అభిప్రాయాన్ని కూడా ఇందులో చర్చిస్తున్నాను.

కీలకపదాలు: సిలువ, శిష్యత్వం, మాదిగలు, ఒంగోలు, వెట్టి, బకింగ్‌హామ్ కాలువ.

1. ఉపోద్ఘాతం:
రోమన్ సామ్రాజ్యంలో సిలువ ప్రధానంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు విధించిన శిక్ష. ప్రాణంతోపాటు పరువునూ తీయడం దాని లక్ష్యం. యేసు పురద్వారానికి వెలుపల శ్రమపడ్డాడని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం చెబుతుంది. తనను వెంబడించగోరేవాడు తన సిలువను తానే ఎత్తుకోవాలన్న పిలుపు మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఉంది. ఈ శిష్యత్వ సమస్యపైనే డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో జర్మనీలో గ్రంథం ప్రచురించాడు. 1945లో నాజీలు ఆయనను ఉరితీశారు. అంతకు ఏడు దశాబ్దాలకు పూర్వమే ఒంగోలు పల్లెల్లో అదే ప్రశ్న వేరొక రూపంలో ఎదురైంది.

2. తొలి శిష్యులు:
అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ ప్రాంతపు తొలి మాదిగ విశ్వాసులలో ముఖ్యుడు తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవం స్వీకరించక ముందే యోగసాధన చేసినవాడు కనుక, గురువును అనుసరించడమంటే ఏమిటో ఆయనకు కొత్త కాదు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని పైకులాలవారు తెలిపినప్పుడు, క్లౌ మాదిగలను వదులుకోలేదు. ఆ నిర్ణయంతో సంఘం స్వరూపమే తేలిపోయింది.

3. మూడు నియమాలు, ఊరి ప్రతిస్పందన:
కొత్తగా చేరినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహపూజ చేయరాదు. చూడటానికి ఇవి మతనియమాలే. కాని గ్రామవ్యవస్థలో మాదిగలు చెప్పులు, కపిల తోలు సామగ్రి సమకూర్చి, జాతరలో డప్పు వాయించి, వెట్టి చేసి, పంటకాలంలో మేర పొందేవారు. ఆదివారం పని మానితే వెట్టికి అడ్డు తగులుతుంది. విగ్రహపూజ మానితే జాతర డప్పు ఆగుతుంది. కాబట్టి ఊరిపెద్దలు దీన్ని విశ్వాసంగా కాక ధిక్కారంగా చూశారు. నీటికి, దారికి, కూలికి ఆటంకాలు కల్పించారు. అబద్ధపు అభియోగాలు మోపారు. శిష్యత్వపు వెల మొదట తిండిగింజల్లోనే చెల్లింది.

4. కరవు - బాప్తిస్మాలు:
1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. పనిచోట బోధకులు సువార్త చెప్పారు. అందువల్ల సాయానికీ మతానికీ సంబంధమే లేదనడం సరికాదు. అయితే సాయం కోసమే చేరుతున్నారన్న అనుమానానికి తావివ్వరాదని ఆయన కరవు కాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశాడు. అవి తిరిగి మొదలైన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాలువ కూలి తాత్కాలికం. వారు తిరిగి వెళ్లవలసింది అదే పల్లెకు, అదే ఆసాముల పొలాలకు. లబ్ధివాదం ఈ తిరుగుప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉంది. వీటిలో అధికభాగం మిషనరీల రచనలే. మాదిగ బోధకుల జీవితాలు కూడా 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథం ద్వారానే మనకు చేరాయి. వారి మాట మరొకరి కలం గుండా వచ్చిందని గుర్తుంచుకొనే చదవాలి.

5. చట్టం విధించిన వెల:
మతం మారినవారి ఆస్తిహక్కును 1850 నాటి 21వ చట్టం కాపాడింది. కాని ఆస్తి లేనివారికి అది ఏపాటి రక్షణ? స్వాతంత్ర్యానంతరం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గుర్తింపు విస్తరించింది. దళిత క్రైస్తవులకు మాత్రం లభించలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు కూడా వారికి అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. పల్లెలో అంటరానితనం వెంట వచ్చినా, కాగితంపై కులం తొలగిపోయింది.

6. ముగింపు:
పురద్వారం వెలుపలి సిలువ కథ, ఊరి వెలుపలి పల్లెకు పరాయిది కాలేదు. అయితే పుట్టుకతో మీదపడిన భారం వేరు, ఎంచుకొని ఎత్తుకున్న సిలువ వేరు. ఒంగోలు మాదిగలు మొదటిదాన్ని దించుకోవడానికే రెండవదాన్ని ఎత్తుకున్నారు. అందుకు వారు పడిన బాధను శిష్యత్వపు వెలగా కొనియాడటం సులభం. కాని సిలువ మోసినవారిని కీర్తించినంత మాత్రాన, ఆ సిలువను మోపినవారి బాధ్యత తీరిపోదు.