అన్నా మన్యాని సినిమాల్లో ఇటలీ

మా కోడుమూరు నుంచి ఎవరు ఫోన్ చేసినా, రోమ్ అనగానే కొలోసియం గురించి అడుగుతారు. అది చూడదగ్గదే, కాదనను. కానీ అది రెండు వేల ఏళ్ల కిందటి చక్రవర్తుల సంగతి. నేను వచ్చి స్థిరపడిన ఇటలీ వేరు. ఆడవాళ్లు కూడా ఓటేసి రాజును సాగనంపగా 1946 జూన్ 2న పుట్టిన గణతంత్రం ఇది. మన స్వాతంత్ర్యం కన్నా ఏడాది పెద్దది. ఆ పుట్టుక వెనక ఎంత ఆకలి ఉందో, ఎంత నెత్తురు పారిందో తెలుసుకోవాలంటే అన్నా మన్యాని నటించిన సినిమాలను వరసగా చూడమంటాను. ఈ దేశపు పేదింటి ఆడవాళ్ల చరిత్ర ఆమె ముఖం మీద కనిపించినంతగా నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఆమె 1908లో రోమ్‌లోనే పుట్టింది. తండ్రి ఎవరో తెలియకుండా పెరిగింది. తల్లి ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు వెళ్లిపోతే అమ్మమ్మే పెంచింది. నాటకం నేర్చుకుంది, రాత్రిపూట పాటలు పాడి పొట్ట పోసుకుంది. సినిమాల్లోకి 1934లో వచ్చింది గానీ పదేళ్ల పాటు ఆమెను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. కళ్ల కింద నల్లటి వలయాలు, చెదిరిన జుట్టు, గొంతెత్తితే వీధి చివరికి వినిపించే మాట. అప్పటి ఇటలీ సినిమాకు కావలసిన రూపం అది కాదు.

ముస్సోలిని 1922లో అధికారం పట్టాడు. 1937లో రోమ్ శివార్లలో చినెచిత్తా అనే సినిమా నగరాన్ని ప్రారంభించాడు. ఇప్పటికీ ఇక్కడ మెట్రో ఎక్కితే ఆ పేరుతోనే స్టేషన్ వస్తుంది. అక్కడ ఎక్కువగా తీసినవి గొప్పింటి కథలు: పెద్ద పెద్ద హాళ్లు, తెల్లటి టెలిఫోన్లు, చివర ఒక పెళ్లి. దేశంలో పేదరికం ఉందని తెర మీద చూపించడం ప్రభుత్వానికి ఇష్టముండేది కాదు. సరిగ్గా అదే కాలంలో, తెల్లవాళ్ల ఏలుబడిలో ఉండి కూడా, మన గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. అంటరానితనం మీద ఒకటి, జమీందారీ మీద ఒకటి. ఈ మాట ఇక్కడి సినిమా మిత్రులతో అన్నప్పుడల్లా నా ఛాతీ కొంచెం పొంగుతుంది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1940 జూన్‌లో హిట్లర్ పక్షాన ఇటలీ దిగింది. 1943 జులైలో ముస్సోలిని పడిపోయాడు, సెప్టెంబరులో ఇటలీ చేతులెత్తేసింది, వెంటనే జర్మన్ సైన్యం రోమ్‌ను పట్టుకుంది. ఆ తొమ్మిది నెలలు ఈ ఊరు ఇప్పటికీ మరచిపోలేదు. అక్టోబరు 16న ఒక్క తెల్లవారుజామునే వెయ్యి మందికి పైగా యూదులను ఎత్తుకుపోయారు. 1944 మార్చి 24న అర్దెయాతినే గుహల్లో 335 మందిని కాల్చి చంపారు. ఆ కాలంలో ఈ గడ్డ మీద మనవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలోని 4, 8, 10 భారతీయ డివిజన్లు ఇటలీలో పోరాడాయి. మన సైనికులు ఐదు వేల ఏడు వందల మందికి పైగా ఇక్కడే ప్రాణాలు విడిచారు. కసీనో సైనిక శ్మశానంలో రాళ్ల మీద మన దేశపు పేర్లు చదువుతుంటే ఇది పరాయి చరిత్ర అనిపించదు.

1944 జూన్‌లో రోమ్‌కు విడుదల దొరికింది. చినెచిత్తాలో అప్పుడు షూటింగులు లేవు, ఇళ్లు పోయిన శరణార్థులు కాపురమున్నారు. అందుకని రొబెర్తో రొస్సెల్లిని 1945 జనవరిలో ‘రోమ్ ఓపెన్ సిటీ’ని వీధుల్లో, మామూలు ఇళ్లల్లో, సర్దుకుని వేసిన సెట్లలో మొదలుపెట్టాడు. ఉత్తర ఇటలీలో యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. అందులో పీనా అనే వితంతువు వేషం మన్యానిది. ఆకలితో బేకరీ మీద పడే ఆడవాళ్లలో ఒకతె. కడుపుతో ఉంది, మరి కాసేపట్లో ఫ్రాంచెస్కోతో పెళ్లి. అంతలో జర్మన్లు ఇంటిని చుట్టుముట్టి ఫ్రాంచెస్కోను లారీ ఎక్కిస్తారు. ఆమె సైనికుల చేతుల్లోంచి విదిలించుకుని, అతని పేరు పెట్టి అరుస్తూ, చెయ్యి చాచి లారీ వెంట పరుగెత్తుతుంది. తూటా శబ్దం. నడివీధిలో కూలిపోతుంది. చర్చిలో సాయం చేసే పిల్లల తెల్లటి అంగీలో ఉన్న ఆమె కొడుకు వచ్చి మీద పడతాడు. ఆఖరి మాటలు లేవు. కథ సగంలో ఉండగా ముఖ్య పాత్ర పోతుంది, యుద్ధంలో మనుషులు పోయినట్టే.

ఆ వీధి పేరు మొంతెకుక్కోలి. మామూలు వీధి. మేడ మీద బట్టలు ఆరేసి ఉంటాయి, కింద బైకులు నిలిపి ఉంటాయి. అక్కడ నిలబడి నేను తలుచుకునేది సినిమాను కాదు, తెరెసా గుల్లాచెను. దక్షిణాన కలాబ్రియా నుంచి బతకడానికి రోమ్ వచ్చిన ఐదుగురు పిల్లల తల్లి, మళ్లీ నిండు చూలాలు. పట్టుకుపోయిన భర్తను ఉంచిన బ్యారక్ దగ్గరికి వెళ్లి, అతని వైపు రాబోతే జర్మన్ సైనికుడు కాల్చి చంపాడు. అది 1944 మార్చి 3. పీనా పాత్ర పుట్టింది ఆ తల్లి చావులోంచి.

1946లో ఇటలీ ఆడవాళ్లు ఓటు వేశారు. రాజు వద్దన్నవాళ్లు కోటీ ఇరవై ఏడు లక్షల మంది, కావాలన్నవాళ్లు కోటీ ఏడు లక్షల మంది. 1947లో వచ్చిన ‘గౌరవనీయ ఆంజెలీనా’ ఆ ఓటు వేసిన ఆడవాళ్ల సినిమా. రోమ్ అంచున పియెత్రలాతా అనే పేటలో నీళ్లుండవు, బస్సుండదు, రేషన్‌కు వచ్చే పాస్తా నల్లబజారుకు పోతుంది. మన్యాని పేట ఆడవాళ్లను కూడగట్టి గోదాము మీదికి నడిపిస్తుంది. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాల ముందు నిలబడిన మన అవ్వల కథలు విన్నవాళ్లకు ఈ సినిమా వివరించి చెప్పనక్కర్లేదు. వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి దీనికే వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1951లో విస్కొంతి తీసిన ‘బెల్లిస్సిమా’. ఇల్లిల్లూ తిరిగి ఇంజెక్షన్లు వేసి నాలుగు డబ్బులు సంపాదించే తల్లి, తన చిన్నపిల్లను సినిమాల్లో చేర్చాలని ఉన్నదంతా ఊడ్చిపెడుతుంది. చివరికి చాటునుంచి చూస్తుంది: తెర మీద బిడ్డ ఏడుస్తుంటే సినిమావాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఒప్పందం కాగితాలు ఇంటికి వస్తే ఆమె వద్దంటుంది. అదే ఏడాది మన బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’ వచ్చింది. అక్కడా ఒక తల్లి, నగల మీద, పల్లకీ మీద ఆశపడి బిడ్డను రాయలవారి అంతఃపురానికి పంపేస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే ఏడాది, రెండు దేశాల్లో ఒకే బాధ మీద రెండు గొప్ప సినిమాలు! మల్లీశ్వరిగా వేసిన భానుమతిగారికి ఇక్కడ సరిజోడు ఎవరంటే నేను మన్యాని పేరే చెప్తాను. ఇద్దరిదీ ఎవరికీ తలవంచని తీరు.

ఇటలీ ఒకప్పుడు వలసపోయేవాళ్ల దేశమని మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1876 నుంచి వందేళ్లలో దాదాపు రెండు కోట్ల అరవై లక్షల మంది ఈ దేశం విడిచి పోయారు. 1946లో బెల్జియంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇటలీ కూలీలను పంపింది, బదులుగా బొగ్గు తీసుకుంది. 1956 ఆగస్టు 8న అక్కడి మార్సినెల్ గనిలో చచ్చిపోయిన 262 మందిలో 136 మంది ఇటలీవాళ్లే. ఆ ఏడాది మార్చిలోనే మన్యానికి ఆస్కార్ వచ్చింది, ఉత్తమ నటిగా ఇటలీకి మొదటిది. ‘ది రోజ్ టాటూ’లో ఆమె వేసింది, అమెరికాలో బట్టలు కుట్టి బతికే సిసిలీ వితంతువు వేషం. ఆ కథను టెనెసీ విలియమ్స్ ఆమెను మనసులో పెట్టుకునే రాశాడు. పరదేశంలో బతికే నాలాంటివాళ్లకు ఆ ఇంగ్లిషులోని తడబాటు, ఆ పౌరుషం రెండూ తెలుసు.

తర్వాత ఇక్కడ డబ్బు వచ్చింది. ఫ్యాక్టరీలు, కార్లు, ఫ్రిజ్‌లు. తెర మీదికి సోఫియా లోరెన్ లాంటి కొత్త అందాలు వచ్చాయి, మన్యానికి వేషాలు తగ్గాయి. అయినా 1962లో దర్శకుడు పసోలిని ‘మమ్మా రోమా’ ఆమెకే ఇచ్చాడు. ఒళ్లమ్ముకునే బతుకు వదిలేసి, కొడుకును మనిషిని చేయాలని ఊరి అంచున కొత్త ఇంట్లోకి మారి సంతలో కూరగాయలు అమ్మే తల్లి. కొడుకు జైల్లో మంచానికి కట్టేసిన చోట ప్రాణం విడుస్తాడు. రోమ్ జైల్లో 1959లో ఒక కుర్రవాడు నిజంగా అట్లాగే పోయాడు. దేశం బాగుపడుతున్న రోజుల్లో ఎవరు బాగుపడలేదో చెప్పిన సినిమా అది. 1973 సెప్టెంబరు 26న ఆమె క్యాన్సర్‌తో పోతే, ఆఖరి చూపు కోసం రోమ్ జనం చర్చి ముందు కిక్కిరిసి నిలబడ్డారు. వాళ్లింటి మనిషి పోయినట్టే ఏడ్చారు.

ఈ సినిమాలు దొరికినప్పుడు చూడండి. మొదలు ‘రోమ్ ఓపెన్ సిటీ’, ఆ తర్వాత ‘బెల్లిస్సిమా’. మన కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు నుంచి సినిమా తీయాలని కలలు కనే పిల్లలకు ఒక మనవి. పత్తి తీతలకు, మిరప కోతలకు గుంటూరు బండి ఎక్కే తల్లులు మన ఊళ్లలో ప్రతి ఏటా ఉన్నారు. హైదరాబాదు కథల కోసం వెతకకుండా, వాళ్లలో ఒక్కరి కథను, పేరుతో, గొంతుతో, కోపంతో సహా తెర మీదికి తీసుకురండి.