పేరడిగే కాలనీలు

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టినా, బళ్లారి రోడ్డు పట్టినా, కడప పొలిమేర దాటినా ఒకటే బోర్డు. ప్రశాంతమైన వాతావరణం, వాస్తు ప్రకారం ప్లాట్లు, బ్యాంకు లోను సౌకర్యం కలదు. ఈ మూడు మాటల్లో మతం ఊసు ఎక్కడా లేదు. అయినా సొంతిల్లు కొనుక్కోవాలని బయల్దేరిన ముస్లింను ఈ మూడు మాటలూ దారిలో ఎక్కడో ఒకచోట ఆపుతాయి. ఎందుకాపుతాయో తెలియాలంటే బ్రోకరును అడిగి లాభం లేదు. ఈ ఊళ్ళ చరిత్రను అడగాలి.

"మీవాళ్ళు పాతబస్తీ వదిలి ఎందుకు రారు?" అని మంచి మనసున్న హిందూ మిత్రులు అడుగుతుంటారు. మేమేదో ఒకచోట గుంపుకట్టి కూర్చున్నామని వాళ్ళ ఉద్దేశం. మేము పాతబస్తీకి పోలేదు. ఒకప్పుడు ఊరంటేనే అది. కర్నూలంటే కోట, కొండారెడ్డి బురుజు, తుంగభద్ర, హంద్రీ, వాటి పక్కన ఇరుకు సందులు. ఊరు పెరిగి బయటికి పోయింది. మేము ఉన్నచోటే ఉండిపోయాం. నిన్నటి ఊరు ఇవాళ పాతబస్తీ అయింది.

ఎందుకు ఉండిపోయామన్నదే అసలు కథ. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించినప్పుడు కడప ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. కర్నూలులో మాత్రం నవాబు కప్పం కట్టుకుంటూ ఇంకొన్నాళ్ళు నిలిచాడు. 1839లో ఆయుధాలు పోగుచేస్తున్నాడని చెప్పి కుంఫిణీ సేన వచ్చి గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుపోయింది. మరుసటేడు తిరుచినాపల్లిలో ఆయన హత్యకు గురయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో ఆ అధ్యాయం అక్కడితో అయిపోతుంది. మా అధ్యాయం అక్కడే మొదలవుతుంది. నవాబు పోతే ఆయన సిపాయికి జీతం పోయింది. గుర్రాల సాయీసుకు పని పోయింది. దివాణాన్ని నమ్ముకున్న చేతిపనివాడికి గిరాకీ పోయింది. ఇప్పటికీ ఎవరైనా కోపమొస్తే మమ్మల్ని "నవాబుల వారసులు" అంటారు. టైలరు, మెకానిక్కు, బండి మీద పండ్లమ్మేవాడు, బీడీలు చుట్టే అమ్మ... ఈ వారసుల చేతికి నవాబుల ఆస్తి ఏపాటి వచ్చిందో పాతబస్తీలో రెండు సందులు తిరిగితే తెలుస్తుంది.

ఇక ప్రశాంతమైన కాలనీ పుట్టుక. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కచేరీలకు భవనాలు చాల్లేదు. గుడారాలు వేశారు. ఉద్యోగుల కోసం వెలిసినవే ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. వెడల్పాటి రోడ్లు, ఇంటి చుట్టూ కాస్త జాగా, వేపచెట్టు. మా ఊరివాళ్ళు అంత విశాలంగా వేసిన వీధులను అప్పుడే మొదట చూసి ఉంటారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. క్వార్టర్లు, క్యాంపు పేర్లు మిగిలాయి. వాటితో పాటు ఒక లెక్కా మిగిలింది. ప్రశాంతంగా బతకాలంటే నెలజీతం ఉండాలి. ఆ తర్వాత వచ్చిన ఉద్యోగుల హౌసింగ్ సొసైటీలు, ఎన్జీవో కాలనీలు, బ్యాంకు లోన్లు అన్నీ ఆ లెక్క మీదే నడిచాయి. వాటిలోకి పోవడానికి కావలసింది జీతం చీటీ.

జీతం చీటీ ఉన్న ముస్లింలు ఎందరు? 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టకపోతే ఆ ఉన్న కొద్దిమందీ ఉండేవారు కాదు. ఆ కాలేజీ మెట్లెక్కినవాళ్ళలో కొందరు టీచర్లయ్యారు, గుమాస్తాలయ్యారు. కడప వైపు ఇంకో దారి తెరుచుకుంది. అది కువైట్ దారి. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటిపనికి ఖద్దామాలుగా పోయారు. ఏళ్ళ తరబడి బిడ్డల మొహం చూడకుండా పంపిన డబ్బుతో రాయచోటిలో, కడపలో ఇళ్ళు లేచాయి. ఆ డబ్బుకు జీతం చీటీ లేదు. చీటీ ఉన్నవాళ్ళకేమో ఇంకో సంకటం. లోనంటే వడ్డీ, వడ్డీ అంటే హరామ్. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఇల్లు అవసరం కదా, ఆ మేరకు తప్పులేదని చెప్పే ఆలిములూ ఉన్నారు, ససేమిరా అనేవాళ్ళూ ఉన్నారు. ఈ వాదన తెగేలోపు ప్లాటు ధర రెండింతలవుతుంది. 2007లో వెనకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక మా పిల్లలు ఇంకొందరు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి వచ్చారు. జీతం చీటీ చేతికొచ్చింది. కాలనీలోకి పోవాలన్న కోరికా వచ్చింది.

కోరిక ఒక్కటే కాదు, భయం కూడా తరిమింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. కప్పులు, డాబాలు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు జనం. నీళ్ళు తీశాక మిగిలింది బురద, కుళ్ళిన బియ్యం, తడిసిన పెళ్ళిబట్టలు, అక్షరాలు చెరిగిన ఇంటి కాగితాలు. ఆ బురద ఎత్తిపోసిన కుటుంబాలు ఏటి పక్కనుంచి కదలాలనుకోవడంలో తప్పేముంది? ఎత్తైన చోట, గాలి వెలుతురు ఉన్నచోట, పిల్లలు చదువుకునేచోట ఇల్లు కావాలని ఏ తల్లికి ఉండదు?

అప్పుడే బ్రోకరు పేరు అడుగుతాడు.

మా సీమలో పేరు చెబితే మతం తేలదు. దస్తగిరి అంటే ముస్లిం కావచ్చు, పీర్ల మొక్కుతో పుట్టిన హిందువు కావచ్చు. మస్తాన్, హుస్సేనప్ప, ఫకీరప్ప... ఈ పేర్లు పెట్టుకున్న హిందువులు మా పల్లెల్లో కొల్లలు. పీర్ల పండక్కి గుండం తొక్కేవాళ్ళలో సగం మంది వాళ్ళే. అందుకే కాలనీ బ్రోకరు ఒక్క ప్రశ్నతో ఆగడు. "దస్తగిరి అంటే... మీరు ఏమట్ల సా?" అంటాడు. మనమేమట్లో తెలిశాక గొంతు తగ్గిస్తాడు. "ఓనరు మంచోడే సా. చుట్టుపక్కలోళ్ళే ఒకమాదిరి. మీరే అర్థం చేసుకోవల్ల." నాకూ ఈ మాట చెప్పారు. ఎవరూ తిట్టలేదు, తలుపు మొహాన వేయలేదు. ఒకచోట ఇల్లు అంతకు ముందురోజే అమ్ముడుపోయింది. ఇంకోచోట ఓనరు మనసు మార్చుకున్నాడు. మరోచోట మాంసం వండకూడదన్నారు. ఆ వీధి చివర చికెన్ సెంటరు ముందు ప్రతి ఆదివారం క్యూ ఉంటుంది.

చట్టం ఉంది కదా అంటారు. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్ళు, హోటళ్ళు, బావులు, రోడ్ల పేర్లెత్తి అక్కడ వివక్ష కూడదంది. ఒక మనిషి ఇంకో మనిషికి ఇల్లు అమ్మడం, అద్దెకివ్వడం ఆ వరసలో లేదు. 2005లో అహ్మదాబాదు పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే అని రాసుకున్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో సచార్ కమిటీ దేశమంతా తిరిగి, కోరుకున్న చోట ముస్లింలకు ఇల్లు దొరకడం కష్టంగా ఉందని తన నివేదికలో రాసింది. అమెరికాలో నల్లవారికి అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతును కోర్టులు అమలు చేయరాదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1968లో ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. మా దగ్గర దస్తావేజులో ఏమీ రాయరు. రాయనిదాన్ని ఏ కోర్టులో కొట్టేయించాలి?

ఈ ప్రశ్న మమ్మల్నే మొదట అడిగారని నేననను. మాల మాదిగలను మాకంటే ఎన్నో తరాల ముందే ఊరి బయట నిలబెట్టి అడిగారు. మా ఇళ్ళలో మాత్రం అడగరా? అద్దెకొచ్చిన దూదేకుల కుటుంబాన్ని "మీరు నూర్‌బాషా వాళ్ళా?" అని ఎగాదిగా చూసే సయ్యదులు, పఠాన్లు లేరా? డబ్బున్నవాళ్ళం కొందరం కలిసి మనకు మనమే వెంచరు వేసుకుందామంటున్నారు. పక్కనే మసీదు, దగ్గర్లో కబ్రస్తాన్ ఉంటే జనాజాకు నలుగురు భుజం పడతారన్నది నిజమే. కానీ వాళ్ళు గీసిన గీతకు ఇవతల మనమొక గోడ కట్టుకోవడమే అది. ఆ గోడలోపల పెరిగే పిల్లలకు పక్కింటి ఉగాది పచ్చడి తెలియదు. పక్కింటి పిల్లలకు మా షీర్‌ఖుర్మా తెలియదు.

నిజానికి ఒక ఇంట్లో ఇమడలేనంత తేడా మనకేముంది? వాస్తు ప్రకారం మరుగుదొడ్డిలో ఉత్తరమో దక్షిణమో చూసి కూర్చోవాలి. ఖిబ్లా మాకు పడమట. అటు మొహం గానీ వీపు గానీ పెట్టకూడదు కాబట్టి మేమూ ఉత్తర దక్షిణాలే చూస్తాం. వాళ్ళు కట్టుకున్న పూజగదిలో జానిమాజ్ పరిస్తే నమాజుగది అవుతుంది. గోడ కొట్టాల్సిన పని లేదు.

దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు వెంకటేశ్వరుని గుడికి పోయి కొబ్బరికాయ కొడతారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆయన మా అల్లుడని వాళ్ళ నమ్మకం. అదే ఊళ్ళో పెద్ద దర్గాలో చాదర్ మోసేవాళ్ళలో హిందువులెందరో. ఈ సామరస్యాన్ని సభల్లో అందరూ మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఏడాదికొకరోజు గుడిలో అల్లుడి వరస కలిపి, మిగతా రోజులు కాలనీలో పొరుగు వరస కలపకపోతే ఆ మెచ్చుకోలుతో మాకు పూట గడవదు.

మేమడిగేది దయ కాదు, రాయితీ కాదు. ఇల్లు అమ్మేటప్పుడు డబ్బు ఎంత, ఎప్పుడిస్తారు అని అడగండి. మేము ఈసీ అడుగుతాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టేటప్పుడు పేరు ఎలాగూ చెబుతాం. అంతకుముందే దాన్ని అడగడం మానేయండి.