ఆఫ్రికా ఏనుగు ఒకటి కాదు.. రెండు! అసలు 'జాతి' అంటే ఏంటి? సైన్స్‌లో తెగని పంచాయితీ

ఆఫ్రికా ఏనుగు అంటే రెడ్ లిస్ట్‌లో చాలా ఏళ్లు ఒక్కటే లెక్క. 2021 మార్చిలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఆ లెక్క మార్చేసింది. గడ్డి మైదానాల్లో తిరిగేది ఒక జాతి, దట్టమైన అడవుల్లో ఉండేది మరో జాతి అని తేల్చింది.

పేరు మారితే ఏమవుతుంది?

చాలా మారింది. రెండింటినీ కలిపి చూసినప్పుడు ముప్పు ఓ మోస్తరుగానే కనిపించింది. విడదీసి చూస్తే.. అడవి ఏనుగులు 31 ఏళ్లలో 86 శాతానికి పైగా తగ్గిపోయాయని తేలింది. మైదాన ఏనుగులు 50 ఏళ్లలో కనీసం 60 శాతం తగ్గాయి. దీంతో అడవి ఏనుగు నేరుగా 'అత్యంత తీవ్ర ముప్పు' జాబితాలోకి వెళ్లింది.

ఇంతకీ జాతి అంటే?

1942లో ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనమే ఎక్కువ మందికి తెలుసు. తమలో తాము జతకట్టి సంతానాన్ని పెంచుకుంటూ, మిగతా వాటితో కలవని గుంపే జాతి. గుర్రం, గాడిద కలిస్తే కంచర గాడిద పుడుతుంది. కానీ దానికి సాధారణంగా పిల్లలు పుట్టవు. అందుకే అవి వేర్వేరు జాతులు.

చిక్కు ఎక్కడ?

బ్యాక్టీరియా జతకట్టదు, రెండుగా చీలిపోతుంది. శిలాజాల్లో ఏది దేనితో కలిసిందో చూసినవాళ్లు లేరు. ఏనుగుల సంగతీ అంతే. అడవి, మైదానం కలిసే కొన్ని చోట్ల ఈ రెండింటికీ సంకర ఏనుగులు పుడుతున్నాయి. మేయర్ మాటే గట్టిగా పట్టుకుంటే ఇవి ఒకే జాతి అనాల్సి వస్తుంది. డీఎన్‌ఏ మాత్రం ఇంకో మాట చెబుతోంది. ఆసియా ఏనుగుకు, ఉన్ని మామత్‌కు మధ్య ఎంత పాత దూరం ఉందో, ఈ రెండింటి మధ్యా దాదాపు అంతే ఉందని 2010లో పరిశోధకులు చెప్పారు.

తత్వవేత్తలు ఏమంటున్నారు?

జాతులు ప్రకృతిలో నిజంగా ఉన్నాయా, మనం గీసుకున్న గీతలా? అసలు ప్రశ్న ఇదే. జాతి అనేది సౌలభ్యం కోసం పెట్టుకున్న పేరని 1859లోనే డార్విన్ రాశారు. మైకేల్ గిసెలిన్, డేవిడ్ హల్ దీన్ని ఒప్పుకోలేదు. జాతి అంటే లక్షణాల చిట్టా కాదు.. ఒక చోట పుట్టి, మారుతూ, చివరికి అంతరించే 'వ్యక్తి' లాంటిదని 1970లలో వాదించారు.

ఇప్పటికి 20కి పైగా నిర్వచనాలు వచ్చాయి. అన్నింటికీ సరిపోయేది ఒక్కటీ లేదు. కానీ నిర్వచనం తేలేదాకా ఆగే టైమ్ అడవి ఏనుగుకు లేదు. రక్షణ ప్లాన్లు, నిధులు అన్నీ ఆ జాబితాలోని పేరు చూసే కదులుతాయి మరి!