గల్లాపెట్టె పోయి బిల్లింగ్ కౌంటర్ వచ్చె

మాది తాండూరు దిక్కు. ప్యాసింజరెక్కి లింగంపల్లిలో దిగి, ఒక కిరాణంలో పనికి కుదిరినప్పుడు నాకింకా మీసాలు రాలేదు. అప్పట్లో నల్లగండ్ల అంటే చెరువు, దాని కింద పొలాలు. ఆ ఊరోళ్లు కూడా ఉప్పూ పప్పుకు మా దగ్గరికే వచ్చేవారు. అసలు గిరాకీ మాత్రం రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ఉద్యోగులూ, 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లూ. నెల మొదటి వారంలో ఖాతాలు తీరేవి, పదో తారీఖు దాటితే మళ్లీ ఉద్దెర.

పొట్లం కట్టడం రావడానికి నెలలు పట్టింది. పాత పేపరు ముక్కను సంకులా చుట్టి, కొసను లోపలికి మడిచి, కాంటాలో తూచిన కందిపప్పు అందులో పోసి, రెండుసార్లు బల్లకు తట్టాలి. అప్పుడు పప్పు సర్దుకుని మూతి మడతకు జాగా దొరుకుతుంది. పైనుంచి వేలాడే పురికొస లాగి అడ్డం ఒక చుట్టు, నిలువు ఒక చుట్టు వేసి, వేలికి బిగించి పుటుక్కున తెంపాలి. పప్పు ఒక్క గింజ రాలినా సేటు కళ్లద్దాల మీదుగా చూసేవాడు.

సేటు మహాత్ముడేం కాదు. 1988 చట్టం దుకాణాల్లో పనిచేసేవాళ్లకు రోజుకు ఎనిమిది గంటల పని, వారానికో సెలవు రాసిపెట్టింది. మాకు అమావాస్యనాడు మధ్యాహ్నం నుంచే సెలవు. జీతం చేతిలో పెడితే వేళ్ల సందుల్లోంచి జారిపోయేంత. కానీ రెండు పూటలా అన్నం వాళ్లింట్లోనే, పడక బియ్యం బస్తాల పక్కనే. నాకంటే ముందు పనిచేసిన గుమాస్తాకు సేటే బేగంబజార్‌లో మాట చెప్పి, ఉద్దెర మీద సరుకిప్పించి సొంత దుకాణం పెట్టించాడు. ఇవాళ కాకపోతే రేపు మనమూ గల్లా దగ్గర కూర్చుంటామన్న ఆశ ఆ చాలీచాలని జీతంలో కలిసే ఉండేది.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత మా బజారు లెక్కే మారింది. నల్లగండ్లలో హుడా లేఅవుట్ పడింది, పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ పోయి జీహెచ్ఎంసీలో కలిసింది. హైదరాబాద్‌కు సూపర్‌మార్కెట్లు కొత్తేం కాదు. త్రినేత్ర 1986 నుంచే ఉంది, తర్వాత ఆదిత్య బిర్లా వాళ్లు కొని 'మోర్' చేశారు. 2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణాలు తెరిచిందీ ఈ నగరంలోనే. మా సేటు కొడుకు అమెరికా వెళ్లాడు, దుకాణం మూతపడింది. నేను ఏసీ సూపర్‌మార్కెట్‌లోకి మారాను.

ఏసీ బాగానే ఉంటుంది. కాళ్లే ఒప్పుకోవు. బిల్లింగ్ పిల్లలు షిఫ్టంతా నిలబడే ఉంటారు, సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదంలో దిగిపోతుంది. కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం కొట్లాడితే, 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడూ మార్చింది. నేను పనిచేసిన ఒక చోట స్టాకు తక్కువొస్తే అందరి జీతాల్లోంచి పంచి కోసేవారు. దొంగిలించింది ఎవరో, కట్టేది మేము.

మా కౌంటర్ అమ్మాయి నెల జీతమంతా పోసినా ఎదురు గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్రూం అద్దెలో సగం కూడా రాదు. మరి ఎట్లా నడుస్తోంది? 2003లో మొదలైన ఎంఎంటీఎస్ టికెట్ చౌక కాబట్టి. ఊళ్లో అమ్మానాన్నలు బియ్యం మూట పంపుతారు కాబట్టి. ఒక్క గదికి నలుగురు సర్దుకుంటారు కాబట్టి. పది నిమిషాల్లో గడపకొచ్చే పాల ప్యాకెట్‌కూ ఇదే పెట్టుబడి. కంపెనీ ఇవ్వని జీతాన్ని ఊరు ఇస్తోంది. ఆ ఊరి పొలం కూడా ప్లాట్లయితే మూట ఎక్కణ్ణుంచి వస్తుందో మా రీజినల్ మేనేజర్ల లెక్కల్లో నాకైతే కనబడలేదు.

2023లో దుకాణాలు రాత్రంతా తెరుచుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. వారానికో సెలవు, ఓవర్‌టైం, రాత్రిపూట ఆడవాళ్లకు బండి వంటి షరతులూ పెట్టింది. అయితే ముందు మనుషులు నిలవాలి కదా. చేరినవాళ్లు పండక్కి ఊరెళితే సగంమంది తిరిగి రారు. వచ్చినవాళ్లు బైకుంటే డెలివరీకి మారతారు. ఇప్పుడు మా ర్యాకులు సర్దే పిల్లలు ఒడిశా నుంచి, అస్సాం నుంచి వస్తున్నారు. మా తాండూరు దిక్కు వాళ్లకు ఈ జీతానికి రైలెక్కాలనిపించడం లేదు.